నీలం అట్ట వెనక అంతరిక్ష నౌక

శుక్రవారం

న్యూజెర్సీలో మా ఇంటి దగ్గర మెట్రోపార్క్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ రైలు దిగిన నా చిన్ననాటి స్నేహితురాలు విజయ చేతుల్లో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో తిండి. తిండి సంచే పెద్దది. "కొండల్లోకి పోతున్నామంటివి, అక్కడ మనకేం దొరుకుతుందే?" అంటూ కారెక్కింది. పులిహోర, చేగోడీలు, మజ్జిగ మిరపకాయలు, చిన్న సీసాలో ఆవకాయ. సాయంత్రం నాలుగున్నరకల్లా ఎడిసన్ దాటేశాం.

మేం వెళ్తున్నది టైకాండెరోగా అనే చిన్న ఊరికి. న్యూయార్క్ రాష్ట్రంలో బాగా ఉత్తరాన, అడిరోండాక్ కొండల అంచున, రెండు పెద్ద సరస్సుల మధ్య ఉంటుంది. మా ఇంటి నుంచి 250 మైళ్ళ పైమాటే. 1966లో అమెరికా టీవీలో మొదలైన 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష నౌక సీరియల్ సెట్లను ఆ ఊళ్ళో మళ్ళీ కట్టి, జనానికి తిప్పి చూపిస్తున్నారు. కెప్టెన్ కుర్చీ, ట్రాన్స్‌పోర్టర్ గది, ఇంజను గది, అన్నీ. విజయ ఈ టికెట్లు కొందామని ఆరేళ్ళుగా అడుగుతోంది. ఒక ఏడాది మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, ఒక ఏడాది వాళ్ళ అమ్మాయి కాలేజీ, మధ్యలో కోవిడ్. ఈ అక్టోబరులో ఇంక వాయిదా వెయ్యొద్దనుకున్నాం.

మా ఇద్దరికీ ఈ సీరియల్ అంటే ఎందుకింత ఇదో చెప్పాలంటే మెట్టుగూడ దాకా పోవాలి. మా ఇద్దరి నాన్నలూ రైల్వేలో పనిచేసేవాళ్ళు. సికింద్రాబాద్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా వరసలో టీవీ ఉన్నది ఒక్క గార్డు గారింట్లోనే. షటర్లున్న డయనోరా, బ్లాక్ అండ్ వైట్. 1980ల మధ్యలో దూరదర్శన్ ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వేసేది. తలంటు పోసుకుని, జుట్టు ఆరకుండానే చాప మీద మొదటి వరసలో కూర్చునేవాళ్ళం. గార్డు గారబ్బాయి రవి డాబా మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరిస్తే, కింద నుంచి మేం "వచ్చింది... పోయింది... ఆ, అక్కడే ఉంచు!" అని అరిచేవాళ్ళం.

టీవీ ముందు ఒక నీలం ప్లాస్టిక్ అట్ట ఉండేది. కళ్ళు పాడవకుండా అని పెట్టారో, కలర్ టీవీలా కనిపిస్తుందని పెట్టారో గానీ, ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో అలా తగిలించేవాళ్ళు. దాంతో మాకు స్టార్ ట్రెక్ లోకమంతా నీలమే. మనుషులు నీలం, నక్షత్రాలు నీలం. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. గార్డు గారు మధ్యమధ్యలో చెప్పేవారు: "వీళ్ళు ఓడలో చుక్కల మధ్య తిరుగుతారర్రా. కొత్త కొత్త లోకాలు చూసొస్తారు. ఎవరి ఊరూ ఆక్రమించుకోరు." ఆ ఒక్క మాటతో కథంతా మాకు అర్థమైపోయినట్టుండేది.

మా ఇద్దరి మధ్య పెద్ద పోట్లాట ఒకటుండేది. కెప్టెన్ కర్క్ చొక్కా రంగేమిటి? నీలం అట్ట వెనక ఆ చొక్కా ఒక బూడిద రంగు, అతని పక్కనుండే ఆఫీసరు స్పాక్ చొక్కా ఇంకో బూడిద రంగు. నేను పసుపు అన్నాను. విజయ ఆకుపచ్చ అంది. పాల ఐస్ పందెం వేసుకున్నాం. తేలే దారి లేదు. పదేళ్ళ తర్వాత ఎవరింట్లోనో కలర్ టీవీలో చూసి పసుపని తేలాక, నేను విజయకి ఉత్తరం రాశాను. పాల ఐస్ ఇప్పటికీ బాకీ.

ఇవన్నీ మళ్ళీ చెప్పుకుంటూ త్రూవే అనే హైవే మీద ఆల్బనీ దాటేసరికి ఎనిమిది దాటింది. లేక్ జార్జ్ చేరేసరికి పది. అక్కడ గది దొరకడమే కష్టమైంది. మా బుకింగ్ పై వారానికి నమోదై ఉందట. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి పాపం చాలాసేపు కంప్యూటర్‌లో వెతికాడు, ఖాళీ లేదు. అక్టోబరు శనాదివారాల్లో ఆకుల రంగులు చూడ్డానికి జనం విరగబడతారు. నాకు టెన్షన్ పట్టుకుంది. విజయ మాత్రం కారులోనే కూర్చుని వరసగా ఫోన్లు చేసి, ఐదోదానికి ఒక గది పట్టింది. అద్దె మేం అనుకున్నదానికి రెట్టింపు. పులిహోర తిని పడుకునేసరికి పన్నెండు.

శనివారం

లేక్ జార్జ్ నుంచి టైకాండెరోగాకు హైవే మీద పోవచ్చు, లేదా 9ఎన్ అనే పాత రోడ్డు పట్టుకుని సరస్సు పక్కనే పోవచ్చు. మేం పాత రోడ్డే పట్టుకున్నాం. ఆ సరస్సు పొడవు 32 మైళ్ళు. కుడి వైపు నీళ్ళు, ఎడమ వైపు కొండ, మీద మేపుల్ చెట్లు. ఎండాకాలం ముందు తెలంగాణ అడవుల్లో మోదుగు పూస్తే ఆకు కనిపించకుండా చెట్టంతా మండుతున్నట్టుంటుంది కదా, ఇక్కడ ఆకులే ఆ పని చేస్తున్నాయి. బోల్టన్ ల్యాండింగ్ దాటాక రోడ్డు కొండెక్కి దిగి, హేగ్ దగ్గర మళ్ళీ నీళ్ళ పక్కకు వస్తుంది. విజయ రెండుసార్లు కారు ఆపించింది.

టైకాండెరోగా అంటే అమెరికాలో పిల్లల్ని చదివించిన అమ్మలందరికీ ముందు గుర్తొచ్చేది పెన్సిల్. ప్రతి ఆగస్టులో స్కూలు వాళ్ళిచ్చే సామాన్ల లిస్టులో ఈ పేరుంటుంది. పసుపు పెన్సిలు, రబ్బరు దగ్గర ఆకుపచ్చ పట్టీ. మా అబ్బాయికి పన్నెండేళ్ళు కొన్నాను, అది ఊరి పేరని మాత్రం ఆలోచించలేదు. ఈ చుట్టుపక్కల కొండల్లో ఒకప్పుడు గ్రాఫైట్ తవ్వేవారట, పెన్సిలుకు ఆ పేరు అలా వచ్చింది. ఇప్పుడు పెన్సిళ్ళు ఇక్కడ తయారుకావు. లేక్ జార్జ్ నీళ్ళు ఊరి మధ్య నుంచి చిన్న ఏరుగా పారి, 200 అడుగులకు పైగా దిగి లేక్ షాంప్లేన్‌లో కలుస్తాయి. ఆ దుముకుడు వల్లే ఒకప్పుడు ఇక్కడ మిల్లులు నడిచాయి. ఇప్పుడు ఊరి పెద్ద వీధి మాంట్కామ్ నిమ్మళంగా ఉంది. కొన్ని కొట్లు మూతపడి ఉన్నాయి.

ఆ మాంట్కామ్ వీధిలోనే సెట్ టూర్ ఉన్న భవనం. బయటి నుంచి చూస్తే సరుకుల కొట్టులా ఉంటుంది. నిజానికి ఒకప్పుడు అది కొట్టే.

ఈ సెట్లు కట్టించినవాడు జేమ్స్ కాలీ, ఈ ఊరివాడే. ఎల్విస్ ప్రెస్లీ వేషం కట్టి పాడే కళాకారుడు. స్టార్ ట్రెక్‌కు దుస్తులు రూపొందించిన విలియం వేర్ థీస్ పరిచయం వల్ల పాత సెట్ల ప్లాన్ల కాపీలు ఇతని చేతికొచ్చాయి. 1969లో సీరియల్ ఆగిపోయాక అసలు సెట్లు మిగల్లేదు. మిగిలింది కాగితాలే. ఆ కాగితాలు, పాత ఎపిసోడ్లు ముందు పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఒక్కో గోడా కొలుచుకుంటూ కట్టాడు. మొదట అభిమానులతో కలిసి సొంతంగా ఎపిసోడ్లు తీయడానికి వాడుకున్నాడు, కర్క్ వేషం తనే వేశాడు. 2016లో హక్కులున్న సీబీఎస్ సంస్థ లైసెన్సుతో జనం కోసం టూర్ తెరిచాడు. ఎవరూ అడగని పనిని ఒక మనిషి ఇంత శ్రద్ధగా చేయడం నాకు చేతులెత్తి మొక్కాలనిపించేంత గొప్పగా తోచింది.

పదకొండు గంటల బ్యాచ్‌లో మొత్తం పద్నాలుగు మందిమి. ఒక ముసలాయన మనవణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరు సీరియల్లోలాంటి ఎర్ర చొక్కాలు వేసుకొచ్చారు. చీర కట్టుకొద్దామా అని విజయ రాత్రి అడిగింది గానీ చలికి ఇద్దరం స్వెటర్లలో తేలాం.

తలుపు తెరవగానే ట్రాన్స్‌పోర్టర్ గది. ఆరు గుండ్రటి అడుగులు, మీద ఆరు దీపాలు. మనిషి నిలబడితే మెరుపులు మెరుపులుగా కరిగిపోయి ఇంకో గ్రహం మీద తేలేది ఇక్కడే. ప్రతి వారం ఒక గ్రహం మీద ఓడ దిగినట్టు చూపించడానికి డబ్బు చాలకే ఈ ట్రాన్స్‌పోర్టర్ పుట్టిందని గైడు చెప్పాడు. ఆ మెరుపులకు అల్యూమినియం పొడిని వెలుతురులో జారవిడిచి కెమెరాలో పట్టారట. చిన్నప్పుడు ఆ మెరుపు కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. నీలం అట్ట మీద అది మిణుగురులు లేచినట్టుండేది. అది పొడి అని తెలిశాక నాకు ఇంకా ఇష్టం పెరిగింది. చేతిలో ఉన్నదాంతో సర్దుకుని చేసిన పనిలో ఒక అందం ఉంటుంది.

ఎదురుగా ఉన్న బల్ల మీద పైకీ కిందకీ జరిపే మూడు మీటలుంటాయి. ఇంజనీర్ స్కాటీ నిలబడేది ఇక్కడ. ఆ వేషం వేసిన జేమ్స్ డూహన్ కెనడా సైనికుడిగా 1944లో నార్మండీ తీరాన దిగిన రోజునే తూటాలు తగిలి కుడి చేతి మధ్యవేలు పోగొట్టుకున్నాడు. సీరియల్లో ఆ చెయ్యి కనపడకుండా జాగ్రత్తపడేవాడట. ఇన్నేళ్ళు చూశాం, ఒక్కసారీ గమనించలేదు.

అక్కడి నుంచి వంపు తిరిగిన వసారా. ఒక చోట గోడ ఊదా రంగు, ఇంకాస్త ముందుకు పోతే ఆకుపచ్చ. ఎంత పెద్ద ఓడో అనిపిస్తుంది. వంపు వల్ల చివర కనపడదు కాబట్టి కొంచెం దూరమే అయినా చాలా దూరమని భ్రమ. గైడు అక్కడ ఆగి, "ఈ గోడకు ఏ రంగు వేశారో చెప్పండి" అన్నాడు. ఎర్ర చొక్కా అబ్బాయి ఊదా అన్నాడు. ముసలాయన నవ్వుతూ ఊరుకున్నాడు, ఆయనకు తెలుసు.

బూడిద రంగు. మొత్తం గోడలన్నీ బూడిద రంగే. ఊదా, ఆకుపచ్చ, నారింజ అన్నీ దీపాలకు కట్టిన రంగు కాగితాల నుంచి వచ్చినవే. మొదటి రెండేళ్ళు కెమెరా పని చూసిన జెర్రీ ఫిన్నర్‌మన్ పద్ధతి అది. ఒకటే గోడని రంగు దీపాలు మార్చి పది గదులుగా చూపించేవాడు. అప్పట్లో ఈ సీరియల్ వేసే ఎన్‌బీసీ చానెల్‌కి యజమాని ఆర్‌సీఏ కంపెనీ, వాళ్ళు అమ్మేది కలర్ టీవీలు. కంటికి నిండుగా రంగులుండే కార్యక్రమం వాళ్ళకు అవసరం.

విజయ ముందుకెళ్ళి తన అరచెయ్యి గోడకు జానెడు దూరంలో దీపానికి అడ్డం పెట్టింది. గోడ మీద ఊదా వెలుగు మధ్యలో ఆమె చెయ్యి నీడ పడింది. ఐదు వేళ్ళు, గాజు, ఉంగరం. ఆ నీడ పడ్డ మేరకు గోడ బూడిద రంగులో తేలింది. అచ్చం గార్డు గారి టీవీలో మేం చూసిన బూడిద.

"చూశావుటే, మనం చూసిందే అసలు రంగు" అంది.

నాకు గొంతు పట్టేసింది. జనం కదిలిపోయారు గానీ మేం ఇద్దరం ఇంకాసేపు అక్కడే నిలబడ్డాం. మాకేదో తక్కువ దొరికిందని, అమెరికా పిల్లలు రంగుల్లో చూసింది మేం నీలం అట్ట వెనక నుంచి చూశామని, ఇన్నేళ్ళు లోపల ఒక చిన్న బాధ ఉండేది. అలాంటిది ఉన్నట్టు నాకే ఆ గోడ ముందు తెలిసింది.

వైద్యశాల గదిలో మంచం పైన బోర్డు మీద బాణాలు పైకీ కిందకీ ఆడుతున్నాయి, గుండె చప్పుడు వినిపిస్తోంది. డాక్టర్ మెకాయ్ పనిముట్లు ఒక పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. అవి ఉప్పు డబ్బాలు! 1966 సెప్టెంబరు 8న ప్రసారమైన మొదటి ఎపిసోడ్‌లో ఉప్పు తినే జీవి ఒకటుంటుంది. దానికోసం భవిష్యత్తు కాలపు ఉప్పు డబ్బాలు కావాలని వింత ఆకారాలవి కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు డబ్బాలని చూసేవాళ్ళకు తెలియదేమోనని అనుమానమొచ్చింది. అందుకని భోజనాల బల్ల మీద మామూలు డబ్బాలే పెట్టి, వీటిని డాక్టరు చేతికిచ్చారు. ఆ ఉప్పు డబ్బాలతోనే ఆయన 79 ఎపిసోడ్లలో ఎంతమందిని బతికించాడో.

దుస్తులున్న అద్దాల బీరువా దగ్గర మా పందెం తేలింది. గైడు మాటల మధ్యలో మామూలుగా అనేశాడు: కెప్టెన్ చొక్కా గుడ్డ నిజానికి ఆకుపచ్చ. వెలోర్ అనే మెత్తటి నిగనిగలాడే గుడ్డ అది, స్టూడియో దీపాల కింద, ఆ ఫిల్ము మీద పసుపు బంగారంలా పడింది. తెర మీద చూసినవాళ్ళంతా పసుపనే అనుకున్నారు.

విజయ నా వైపు తిరిగి ఏమీ అనలేదు. చెయ్యి చాపింది, అంతే. "పాల ఐస్ నువ్వే బాకీ" అన్నట్టు. నలభై ఏళ్ళ కింద నీలం అట్ట వెనక బూడిద చొక్కాని చూసి అది ఆకుపచ్చని ఎలా చెప్పిందో! అడిగితే, "మీ నాన్నగారు ఊపే జెండా రంగనుకున్నానే" అంది. మా నాన్న గార్డు కాదు, స్టేషన్‌లో పాయింట్స్‌మన్. రోజూ ఆయన చేతిలో చూసిన ఆకుపచ్చ జెండా ఈ పిల్లకి కెప్టెన్ చొక్కాగా కనిపించిందన్నమాట.

ఇంజను గదిలో కంచె వెనక పెద్ద గొట్టాలు దూరంగా ఎక్కడికో పోతున్నట్టుంటాయి. దగ్గరికెళ్ళి పక్క నుంచి తొంగి చూస్తే అవి కొంచెం దూరమే పోయి సన్నబడి ఆగిపోతాయి. మన నాటకాల తెర మీద రాజవీధి గీస్తే చివరికి సన్నబడి నిజం వీధిలా కనిపిస్తుంది చూడండి, అదే కిటుకు. ఓడ ఆకారాన్ని, ఈ గదులని ఊహించింది మాట్ జెఫరీస్. విమానాల మనిషి. ఓడ పైకి నున్నగా ఉండాలని, మరమ్మతు చేయాల్సిన యంత్రాలను ఎవరైనా లోపల పెట్టుకుంటారు గానీ బయట పెట్టరని అతని వాదన.

చివరికి బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది.

దాని గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. ఎర్ర తలుపులు, గుండ్రంగా ఎర్ర కమ్మీ, చుట్టూ మిణుకుమనే రంగు బొత్తాలు, మధ్యలో ఆ కుర్చీ. ఆ బొత్తాల్ని ఐసు ముక్కల ట్రేలలో రెజిన్ పోసి గట్టిపరిచి చేశారట. చిన్నగా ఆ కిచకిచల చప్పుడు మోగుతోంది. ఆ చప్పుడు వినగానే గార్డు గారింట్లో ఇడ్లీ పాత్రలోంచి వచ్చే ఆవిరి వాసన నాకు నిజంగా తగిలింది. ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నారు. నేను కూర్చున్నాను. ఈ కుర్చీలోకి సీరియల్లో కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ కూడా ఎన్నోసార్లు వచ్చి కూర్చున్నాడు, 2021లో తొంభై ఏళ్ళ వయసులో నిజంగానే అంతరిక్షం అంచు దాకా పోయొచ్చిన మనిషి.

విజయ కుర్చీ వైపే రాలేదు. తిన్నగా వెనక వరసకు, ఉహూరా కూర్చునే చోటికి పోయింది.

మా వరస క్వార్టర్స్‌లో ఆ రోజుల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు టీచరు, ఒకరు విజయ వాళ్ళ పెద్దమ్మ, రైల్వే టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. తెర మీద చెవిలో ఏదో పెట్టుకుని కూర్చున్న నల్లని ఆవిడను చూసినప్పుడల్లా విజయ "పెద్దమ్మ! పెద్దమ్మ!" అని అరిచేది. ఓడకు ఏ లోకం నుంచి మాట వచ్చినా ముందు ఆవిడే వినాలి. మేం నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు హోదా 'లెఫ్టినెంట్', ఆవిడ వల్లే. విజయ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇవాళ వర్జీనియాలో నెట్‌వర్కుల పనిలో ఉంది. ఆ దారి పట్టడానికి కారణం ఎవరడిగినా పెద్దమ్మనీ, ఉహూరానీ ఒక్క వాక్యంలో చెబుతుంది.

ఆ వేషం వేసిన నిషెల్ నికల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ కలిసి మానొద్దని చెప్పారట. ఇది ఆవిడే చాలాసార్లు చెప్పుకున్నారు. 1977లో నాసా తరఫున ఊరూరా తిరిగి ఆడవాళ్ళనీ నల్లజాతి వాళ్ళనీ వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని ప్రచారం చేశారు. మరుసటి ఏడాది ఎంపికైన బృందంలో మొదటిసారి అమెరికా మహిళలు ఆరుగురు చేరారు. అసలు ఈ సీరియల్ మొదలైన డెసిలూ స్టూడియో యజమాని కూడా ఒక మహిళే, లూసిల్ బాల్. నిషెల్ 2022లో పోయిన రోజు విజయ నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గైడు ఏం గ్రహించాడో, ఫొటోల కోసం తొందరపెట్టలేదు. విజయ ఆ సీట్లో కూర్చుని, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. నేను ఫొటో తీశాను. ముసలాయన మనవడు వచ్చి "నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడిగాడు. "మెట్టుగూడతో" అంది విజయ. వాడికి అదో గ్రహం పేరనిపించి ఉంటుంది, బుద్ధిగా తలూపాడు.

బయటికొచ్చేసరికి ఒంటిగంట. పాల ఐస్ దొరకలేదు గానీ ఐస్‌క్రీమ్ కొట్టు ఉంది. చలిలో వణుకుతూ బాకీ తీర్చాను.

ఆ రాత్రి ఊళ్ళోనే చిన్న మోటెల్‌లో దిగి, మిగిలిన పులిహోరలో ఆవకాయ నంజుకుంటూ ఓడ నమూనా గురించి మాట్లాడుకున్నాం. సీరియల్లో ఎగిరే ఎంటర్‌ప్రైజ్, ఎన్‌సీసీ-1701, 11 అడుగుల పొడవున్న బొమ్మ. చెక్క, ప్లాస్టిక్, రేకు. ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వాళ్ళ విమాన, అంతరిక్ష మ్యూజియంలో ఉంది. 2016లో బాగుచేసి మళ్ళీ ప్రదర్శనకు పెట్టినప్పుడు విజయ చూసొచ్చింది. దాని ఎడమ వైపు ఏ అలంకారమూ ఉండదట, వైర్లు అటు నుంచే లోపలికి పోతాయి. అందుకే కెమెరా ఎప్పుడూ కుడి వైపు నుంచే తీసేది. "నేను మాత్రం ఎడమ వైపే ఎక్కువసేపు చూశానే" అంది.

ఆదివారం

పొద్దున్నే ఫోర్ట్ టైకాండెరోగా. ఊరి పేరు చరిత్ర పుస్తకాల్లోకెక్కింది ఈ కోట వల్లే. 1755లో ఫ్రెంచి వాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది. 1775 మే 10న తెల్లవారుజామున ఇంగ్లీషు వాళ్ళ మీద తిరగబడ్డ అమెరికా నాయకులు ఈథన్ ఆలెన్, బెనెడిక్ట్ ఆర్నాల్డ్ మనుషులు వచ్చి నిద్రలో ఉన్న సైనికుల నుంచి లాక్కున్నారు. ఇక్కడి ఫిరంగుల్నే ఆ చలికాలం మంచు మీద బాస్టన్ దాకా లాక్కెళ్ళారు.

మేం ఎక్కువసేపు ఉన్నది మాత్రం ఎదురుగా ఉన్న డిఫైయన్స్ కొండ మీద. కారు పైదాకా పోతుంది. 1777లో ఇంగ్లీషు సైన్యం ఫిరంగుల్ని ఆ కొండెక్కించింది. పొద్దున లేచి చూసుకుంటే నెత్తి మీద ఫిరంగులు. అమెరికా వాళ్ళు పోరాడకుండానే కోట వదిలేశారు. పై నుంచి చూస్తే నక్షత్రం ఆకారంలో కోట, వెనక లేక్ షాంప్లేన్, అవతల వెర్మాంట్ కొండలు, ఎర్రగా, పచ్చగా.

కోట కూడా పూర్తిగా అసలుది కాదు. యుద్ధాలయ్యాక పాడుబడితే ఊళ్ళో జనం రాళ్ళు పట్టుకుపోయి ఇళ్ళకు వాడుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెల్ అనే కుటుంబం మళ్ళీ కట్టించడం మొదలుపెట్టింది. ఇదీ పాత కాగితాలు చూసి తిరిగి లేపిందే. ఒకే ఊళ్ళో, రెండు మైళ్ళ తేడాలో, రెండు. సెట్‌ని చూసొచ్చామని చెబితే ఎవరైనా "డూప్లికేటేగా" అంటారు, కోటను చూసొచ్చామంటే అనరు. నాకు మాత్రం రెండింటిలోనూ ఒకే రకం మొండితనం కనిపించింది.

తిరుగు ప్రయాణం వానలో. త్రూవే మీద ఒక చోట ఆగి కాఫీ తాగాం. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. విజయ రైలు సోమవారం పొద్దున.

పడుకునే ముందు విజయ ఫొటోలు చూస్తూ, ఉహూరా సీట్లో తను ఉన్న ఫొటోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసింది. ఎర్ర కమ్మీ పోయింది, రంగు బొత్తాలు పోయాయి. చెవి మీద చెయ్యి పెట్టుకున్న ఒక ఆడమనిషి మిగిలింది. ఇద్దరం చాలాసేపు చూశాం. దాన్ని రవికి పంపింది. వాడిప్పుడు మల్కాజ్‌గిరిలో ఉంటున్నాడు, అక్కడ అప్పటికే సోమవారం పొద్దున.

ఐదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ట్రాఫిక్ రొద. "అక్కా, అచ్చం అట్లనే ఉంది! నాన్న ఉంటే ఎంత సంతోషపడేవాడో. టీవీ ఎప్పుడో అమ్మేసినం గానీ, ఆ నీలం అట్ట ఉంది చూడు, అది అమ్మ వంటింటి కిటికీకి పెట్టుకుంది. అద్దం పగిలినప్పుడు పెట్టింది, మళ్ళ తియ్యలే. ఇప్పుడు కూడా పొద్దున ఎండొస్తే అమ్మ పొయ్యి కాడ అంతా నీలంగానే ఉంటది."